ఉచిత 2 కిలోవాట్ల సోలార్ అంటున్నారు, 200 యూనిట్లు ఎలాగూ ఫ్రీ కదా, సంతకం పెట్టాలా?

చీరాల చిన్నోడు
లైన్‌మన్ వచ్చి అంగీకార పత్రం మీద సంతకం పెట్టమంటున్నాడు. ఇళ్ల మీద సోలార్ పెట్టించే కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద మన ఆంధ్రలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్ల సోలార్ పైసా ఖర్చు లేకుండా పెడతారట. మాకు ఇప్పటికే 200 యూనిట్ల దాకా బిల్లు లేదు, నెలకు వాడేదే 110, 120. ఇక పైన ప్యానెళ్లు ఎందుకు? రేపు "మీకు సోలార్ ఉంది కదా" అని ఆ ఉచితం ఎత్తేస్తే? పాత ఇందిరమ్మ ఇల్లు, స్లాబు 4 అంగుళాలే. సముద్రం దగ్గర. సర్వీసు మా తాత పేరున ఉంది, ఆయన లేరు. అమ్మేమో "ఊరికే వస్తుంటే వద్దంటావేంట్రా" అంటోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారి గట్టు
అమ్మ మాటే వినండి 🙂 పైసా పెట్టుబడి లేనప్పుడు పోయేదేముంది?

సెక్షన్ ఆఫీస్ శీను
పోయేవి ఉన్నాయి, అందుకే ముందు లెక్క అర్థం చేసుకోవాలి.

సూర్యఘర్ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 ఫిబ్రవరి 29న ఆమోదం తెలిపింది. 75,021 కోట్లు, కోటి ఇళ్లు లక్ష్యం. కేంద్ర సబ్సిడీ 1 కిలోవాటుకు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు, అంతకు మించితే 78,000, అక్కడితో ఆగిపోతుంది. ఇది తీసుకోవడానికి దారులు రెండు. ఒకటి, మీరే పోర్టల్లో దరఖాస్తు పెట్టి, వెండర్ని, అంటే సోలార్ బిగించే కంపెనీని ఎంచుకుని, డబ్బు కట్టి, తర్వాత సబ్సిడీ మీ ఖాతాలో వేయించుకోవడం. రెండోది, డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, తానే ముందుకొచ్చి ఊరంతటికీ కలిపి పెట్టించడం. దీన్ని యుటిలిటీ లెడ్ అగ్రిగేషన్ అంటారు. చిన్నోడు తమ్ముడి ఇంటికి వచ్చింది ఈ రెండోది.

రెండో దారిలో పెట్టిన ప్లాంటు మొదటి రోజు నుంచే మీ సొంతం అయిపోదు. ప్రాజెక్టు కాలం, అంటే కనీసం 5 ఏళ్లు, పెట్టినవాళ్ల చేతిలో ఉండి ఆ తర్వాత ఇంటి యజమానికి బదిలీ అవుతుంది. మన ఎండకి 2 కిలోవాట్లు రోజుకు సుమారు 8 యూనిట్లు, నెలకు 240 ఇస్తుంది. మీరు వాడేది 120. మిగతాదంతా లైన్లోకి వెళ్తుంది. మీ ఉచిత యూనిట్ల భారాన్ని ప్రభుత్వం డిస్కంకు సబ్సిడీగా కడుతోంది కాబట్టి, మీ కప్పు మీదే కరెంటు తయారైతే ఆ భారం తగ్గుతుంది. వాళ్లకున్న ఆసక్తి అక్కడ. అది తప్పేమీ కాదు, కానీ మీ వాటా ఏమిటో కాగితం మీద ఉండాలి.

ఒప్పందంలో ఇవి వెతకండి: 200 యూనిట్ల ఉచితం కొనసాగుతుందని రాశారా, మిగులు యూనిట్ల విలువ ఎవరికి, ప్లాంటు మీ పేరుకు ఎప్పుడు మారుతుంది, ఈలోగా రిపేరు ఎవరిది. లైన్‌మన్ నోటిమాట చాలదు, పాపం ఆయనకు పైనుంచి ఏం చెబితే అదే చెబుతాడు. కాపీ చేతికి ఇవ్వకుండా సంతకం అడిగితే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారి దగ్గర కాపీ తీసుకుని మరీ పెట్టండి.

చీరాల చిన్నోడు
ఇప్పుడు చూపించింది ఒక పేజీ అంగీకార పత్రమే అన్నా. అందులో ఈ నాలుగింట్లో ఒక్కటీ లేదు.

సెక్షన్ ఆఫీస్ శీను
అంగీకార పత్రం వేరు, ఒప్పందం వేరు. మొదటిది "మా ఇల్లు చూసుకోండి" అని మాత్రమే. దానికి సంతకం పెట్టినా పర్వాలేదు. అసలు ఒప్పందం చదవకుండా మేకు కొట్టనివ్వొద్దు.

తాత పేరు సంగతి ఈలోగా తేల్చుకోండి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఇంటి పన్ను రసీదు, మిగతా వారసుల దగ్గర అభ్యంతరం లేదని రాయించిన కాగితం. ఇవి పట్టుకుని పేరు మార్పుకు పెట్టండి. అలాగే 200 యూనిట్ల రాయితీకి లింకైన ఆధార్, కుల ధ్రువీకరణ ఎవరివో చూసుకోండి. పేరు మారినప్పుడు అవి కొత్త పేరుకు ఎక్కకపోతే తర్వాతి నెల బిల్లు వచ్చి పడుతుంది.

తాండా టీచర్
చాలా కాలనీల్లో ఇంకో తిరకాసు ఉంది. ఇంటి పట్టా ఆవిడ పేరున, సర్వీసు ఆయన పేరున. కప్పు ఆవిడది, మీటరు ఆయనది. ముందే ఒకే పేరుకు తెచ్చుకుంటే గొడవ ఉండదు.

నా ప్రశ్న: మా వైపు సగం ఇళ్లు రేకులవే. వాళ్ల సంగతేంటి?

స్లాబు మేస్త్రి
సిమెంటు రేకుల మీద వద్దు మేడమ్. మనిషి ఎక్కితేనే పగిలే రేకు అది. కింద ఉన్నవి సన్న పైపులు, దూలాలు. ఇంటి ముందు జాగా ఉంటే నాలుగు ఇనుప స్తంభాలు పాతి, పందిరిలా ఎత్తు మీద పెట్టొచ్చు. ప్యానెల్ ఒక్కోటి సుమారు 2.28 మీటర్ల పొడవు, 1.13 వెడల్పు, 28 కిలోల బరువు. 2 కిలోవాట్లకు నాలుగు కావాలి, నీడ పడని జాగా 200 చదరపు అడుగులు చూసుకోండి.

చిన్నోడికి: 4 అంగుళాల స్లాబు బరువుకు ఏమీ కాదు. నాలుగు ప్యానెళ్లు కలిపి 112 కిలోలు, స్టాండు ఇంకో వంద వేసుకో. పది మంది డాబా మీద కూర్చుంటే అంతకు మూడింతలు. భయపడాల్సింది కారడం గురించి. డ్రిల్లు వేశారంటే రెండో వానాకాలానికి చెమ్మ దిగుతుంది. కిందనుంచి పెచ్చులు ఊడి చువ్వ కనపడుతుంటే మాత్రం అసలు ఒప్పుకోవద్దు, ముందు స్లాబు బాగుచేయాలి. మంచి స్లాబైతే రంధ్రాలు లేకుండా కాంక్రీటు దిమ్మెలు పోయించి వాటి మీద నిలబెట్టమను.

వోల్టు వెంకట్
మేస్త్రి గారూ, కారడం గురించి మీరు చెప్పింది నిజం. కానీ సముద్రం పక్క ఊళ్లో ఉత్త దిమ్మెలు చాలవు. లెక్క వేసి చూడండి.

మన కోస్తాలో విశాఖ, విజయవాడ, నెల్లూరు అన్నీ గాలి ప్రమాణాల్లో సెకనుకు 50 మీటర్ల కోవలోకి వస్తాయి. హైదరాబాద్ 44, కర్నూలు 39. గాలి ఒత్తిడి అంటే 0.6 ఇంటూ వేగం వర్గం. 50 మీటర్లకు చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు. నాలుగు ప్యానెళ్ల వైశాల్యం 10.3 చదరపు మీటర్లు. తుపాను గాలి కిందనుంచి దూరితే పైకి లేపే బలం 15,000 న్యూటన్ల దాకా, అంటే దాదాపు ఒకటిన్నర టన్ను. అడుగు చదరం, అడుగు ఎత్తు దిమ్మె 65 కిలోలు తూగుతుంది. ఆరు దిమ్మెలు పెట్టినా 390. మిగతా బరువు ఎక్కడుంది?

స్లాబు మేస్త్రి
దిమ్మెను స్లాబుకు అతికిస్తాం కదా సార్, ఊరికే పెట్టం.

వోల్టు వెంకట్
పాత స్లాబు మీద కొత్త కాంక్రీటు అంత గట్టిగా పట్టదు, మీకు నాకంటే బాగా తెలుసు. పైగా చాలా చోట్ల అడుగున వాటర్‌ప్రూఫ్ పూత ఉంటుంది. దిమ్మె పూత మీద అతుక్కుంటుందే తప్ప స్లాబును పట్టుకోదు.

స్లాబు మేస్త్రి
సరే, రెండూ కలిపే పద్ధతి చెబుతా. దిమ్మె వచ్చే చోట పూత తీసేసి, ఉలితో గరుకుగా చెక్కాలి. 12 ఎంఎం యాంకర్ రాడ్డుకు 70 ఎంఎం లోతు రంధ్రం, అంతకు మించొద్దు. 4 అంగుళాలంటే 100 ఎంఎం, అడుగున కనీసం 30 ఉండాలి. దుమ్ము బ్రష్షుతో, ఊదుడు పంపుతో పూర్తిగా తీయాలి. దుమ్ము ఉంటే రాడ్డును అతికించే కెమికల్ పట్టదు, రాడ్డు ఊడి చేతికొస్తుంది. చువ్వ తగిలితే దాన్ని కోయకుండా రంధ్రం పక్కకు జరపాలి. కెమికల్ నింపి రాడ్డు దించి, డబ్బా మీద రాసినంత సేపు కదపకుండా వదిలేసి, దాని చుట్టూ దిమ్మె పోయాలి. దిమ్మె మొదట్లో చుట్టూ సిమెంటుతో వాలు కట్టి పూత మళ్లీ వేయాలి. దిమ్మెకు వారం రోజులు నీళ్లు పోయాలి. మర్నాడే స్టాండు బిగిస్తామంటే ఒప్పుకోకు తమ్ముడూ.

వోల్టు వెంకట్
అదీ పద్ధతి. దీనికి తోడు స్టాండు ఎత్తు తక్కువ ఉంచమనండి. వాలు 15 డిగ్రీలు దక్షిణానికి, ప్యానెల్ అంచు పిట్టగోడ దాటి బయటికి రాకూడదు. ఇనుము హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి పూత వేయడం) చేసిందే కావాలి, పూత 80 మైక్రాన్లు. కోసిన చోట, వెల్డింగ్ చేసిన చోట పూత పోతుంది. ఉప్పు గాలికి అక్కడే తుప్పు మొదలు. కాబట్టి సైటులో వెల్డింగ్ వద్దు, బోల్టులే. బోల్టు, నట్టు స్టెయిన్‌లెస్‌వి.

నల్లగొండ నాని
మాకు తెలంగాణల గృహజ్యోతి పథకం ఉంది కదా, తెల్ల కార్డుకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. 201 వస్తే మాత్రం మొత్తం కట్టాలె. ఎండాకాలం చాలామంది అక్కడనే ఇరుక్కుంటున్నరు. సోలార్ ముచ్చట అటుంచి ముందు ఫ్యాన్లు మార్చుకోరాదూ?

పాత ఫ్యాను 75 వాట్లు. కరెంటు తక్కువ తాగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను 30. మూడు ఫ్యాన్లు రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్కోదానికి 45 వాట్లు మిగిలి రోజుకు 2 యూనిట్లు, నెలకు 60. పాత రెగ్యులేటర్ తీసేసి రిమోట్‌తోని నడిపించాలె, రెగ్యులేటర్ మీదనే ఉంచితే బోర్డు కాలుతది.

సున్నపు బట్టీ
నాని చెప్పినదానికి ఇంకోటి. స్లాబు మీద తెల్ల సున్నం. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. పూత సరిగ్గా పడితే ఇంట్లో వేడి 2 నుంచి 5 డిగ్రీలు తగ్గుతుంది. ప్యానెళ్లు పెట్టక ముందే స్లాబంతా కడిగి, ఆరాక రెండు పూతలు వేయించండి. పెట్టాక కింద దూరడం కష్టం. ప్యానెల్ నీడ పడే మేర కూడా కప్పు చల్లగానే ఉంటుంది, అది అదనం.

మచిలీపట్నం మల్లి
మేం బీసీ. మాకు పూర్తి ఉచితం లేదు. కేంద్రం 60,000, రాష్ట్రం బీసీలకు అదనంగా 20,000 అంటున్నారు. ఒక వెండర్ ఇంటికొచ్చి "మీరు రూపాయి కట్టక్కర్లేదు, ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చెప్పండి చాలు" అంటున్నాడు. నిజమేనా?

సెక్షన్ ఆఫీస్ శీను
ఓటీపీ చెప్పొద్దమ్మా. రూపాయి కట్టక్కర్లేదంటే మిగతా సొమ్ముకు మీ పేరున లోన్ పెడుతున్నాడని అర్థం. లోన్ తప్పు కాదు, జన్‌సమర్థ్ పోర్టల్ ద్వారా తక్కువ వడ్డీకే వస్తుంది. మీకు తెలిసి తీసుకోవాలి, అంతే.

క్రమం ఇది. సూర్యఘర్ పోర్టల్లో మీ సర్వీసు నంబరు, మీ ఫోన్‌తో మీరే రిజిస్టర్ కావాలి. దరఖాస్తు ఆమోదమయ్యాక అక్కడి జాబితాలో ఉన్న వెండర్నే ఎంచుకోవాలి. జాబితాలో లేనివాడు పెడితే సబ్సిడీ లేదు. ప్లాంటు పెట్టాక ఫొటో, వివరాలు ఎక్కిస్తారు, డిస్కం వాళ్లు వచ్చి చూసి నెట్ మీటర్ (లైన్లోకి వెళ్లిన, లైన్ నుంచి వచ్చిన యూనిట్లు రెండూ లెక్కపెట్టేది) పెడతారు, ప్లాంటు నడవడం మొదలైందని కమిషనింగ్ రిపోర్టు వస్తుంది. అప్పుడు మీ బ్యాంకు వివరాలు ఇస్తే కేంద్ర సబ్సిడీ నేరుగా మీ ఖాతాలో పడుతుంది. ఖాతాలో పేరు, సర్వీసు పేరు ఒకటే ఉండాలి, ఎక్కువగా ఆగేది ఇక్కడే. అనుమానం ఉంటే సూర్యఘర్ హెల్ప్‌లైన్ 15555కు ఫోన్ చేయండి.

ఎర్తింగ్ రాజు
ప్యానెళ్లు దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవి, అంటే డీసీఆర్ ప్యానెళ్లే అయ్యుండాలి, లేకపోతే సబ్సిడీ పోతుంది. వెనక స్టిక్కరు మీద సీరియల్ నంబరు ఉంటుంది. పైకి బిగించకముందే నాలుగింటి ఫొటోలు తీసిపెట్టుకోండి, బిగించాక వెనక్కి చేయి కూడా దూరదు.

చీరాల చిన్నోడు
కరెంటు పోతే సోలార్ నడుస్తుందా? తుపానుకు మా ఊళ్లో రెండు రోజులు పోతుంది.

ఎర్తింగ్ రాజు
నడవదు. బ్యాటరీ లేని ఇన్వర్టర్, అంటే ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే పెట్టె, లైను చచ్చిపోగానే తనూ ఆగిపోవాలి. స్తంభం మీద లైన్‌మన్ పనిచేస్తుంటే మీ ఇంటి నుంచి కరెంటు వెనక్కి వెళ్తే ఆయన ప్రాణం పోతుంది. ఎవరైనా "వైరు మార్చి నడిపిస్తా" అంటే తలుపు చూపించండి.

ఎర్తింగ్ మూడు వేర్వేరు చోట్ల ఉండాలి: ప్యానెళ్లు, స్టాండు కలిపి ఒకటి, ఇన్వర్టర్ వైపు ఒకటి, పిడుగును భూమిలోకి దించే లైట్నింగ్ అరెస్టర్‌కు ఒకటి. అరెస్టర్ది మిగతా వాటితో కలపకుండా నేరుగా భూమిలోకి దించాలి. రాగి పూత రాడ్డు నిలువునా దిగాలి. రాయి తగిలిందని సగానికి కోసి పాతేవాళ్లున్నారు, పని జరిగేటప్పుడు పక్కనే నిలబడండి. మీటరు పెట్టి చూపించమనండి, 5 ఓమ్‌ల లోపు రావాలి. ఇంటికి ఇప్పటికే ఎర్త్ లేకపోతే, పాత కాలనీల్లో చాలా వాటికి ఉండదు, ఇదే అదను.

రాయలసీమ రవ్వ
మా దగ్గర పక్కింట్లో పెట్టారు. మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతుంటే ఇన్వర్టర్ ఆగిపోయి ఎర్ర లైటు వెలుగుతుంది. సాయంత్రం దానంతట అదే వస్తుంది. ఇన్వర్టర్ చెడిందంటారా?

వోల్టు వెంకట్
ఎక్కువ భాగం ఇన్వర్టర్ తప్పు కాదు. వోల్టేజీ 230కి 110 శాతం, అంటే 253 దాటితే అది ఆగాలన్నది నిబంధన. మధ్యాహ్నం వాడకం తక్కువ, స్తంభం దగ్గరే 248 ఉందనుకోండి. 2 కిలోవాట్లు బయటికి వెళ్లాలంటే 8.7 ఆంపియర్లు సర్వీసు వైరు మీదుగా పోవాలి. పాత కాలనీల్లో ఆ వైరు 2.5 చదరపు ఎంఎం అల్యూమినియం. స్తంభం 30 మీటర్ల దూరమైతే రానూపోనూ 60 మీటర్లు, సుమారు 0.72 ఓమ్‌లు. 8.7తో గుణిస్తే 6 వోల్టుల పైన. 248కి 6 కలిస్తే 254, ఇన్వర్టర్ ఆగింది. అదే 4 చదరపు ఎంఎం రాగి వైరైతే 2.4 వోల్టులే పెరుగుతుంది, 250 దగ్గర నడుస్తూనే ఉంటుంది.

ఆగినప్పుడు ఇన్వర్టర్ తెరమీద వోల్టేజీ ఎంతుందో ఫొటో తీయమనండి. స్తంభం దగ్గరే 250 దాటుతుంటే ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజీ సరిచేసే అమరిక) మార్చాలి, అది డిస్కం పని, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912లో నమోదు చేయించండి. స్తంభం దగ్గర సరిగ్గా ఉంటే సర్వీసు వైరు మార్చాలి. జాయింట్లు కూడా చూడాలి, చుట్టి టేపు వేసిన జాయింటు ఇంకో మూడు వోల్టులు తింటుంది.

చీరాల చిన్నోడు
మా స్తంభం నాలుగు ఇళ్ల అవతల ఉంది. వైరు మా తాత నాటిదే.

వోల్టు వెంకట్
అయితే సర్వే నాడే చెప్పి రాయించు తమ్ముడూ. ప్లాంటు పెట్టాక అడిగితే వెండర్ డిస్కం మీదకు, డిస్కం వెండర్ మీదకు నెడతారు.

సెక్షన్ ఆఫీస్ శీను
లోడ్ సంగతి కూడా. మీ సర్వీసు 500 వాట్లదే అయినా 2 కిలోవాట్లు పెట్టొచ్చు. 2024లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల లోపు ప్లాంటుకు సాంకేతిక అధ్యయనం అక్కర్లేదు, అవసరమైన లోడ్ పెంపు డిస్కమే చేయాలి. 5 కిలోవాట్ల లోపైతే లైను బలోపేతం ఖర్చూ వాళ్లదే.

గోదారి గట్టు
కొబ్బరి చెట్లుంటే? మా వైపు చెట్టు లేని డాబా లేదు.

ఎర్తింగ్ రాజు
నాలుగు ప్యానెళ్లూ ఒకే వరుసలో కలిపి ఉంటాయి. ఒకదాని మీద మట్ట నీడ కదలకుండా పడితే ఆ ప్యానెల్లో మూడో వంతో, సగమో, మొత్తమో పోతుంది. ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 దాకా నీడ లేని జాగా చూడండి. నీళ్ల ట్యాంకు ఉంటే ప్యానెళ్లు దానికి దక్షిణం వైపు రావాలి, మనకు ఏడాదిలో ఎక్కువ రోజులు నీడ ఉత్తరానికే పడుతుంది. పైన కాయలు రాలే చెట్టుంటే మాత్రం జాగా మార్చడమే.

నల్లగొండ నాని
కోతుల ముచ్చట ఎవ్వరూ చెప్పలే. వైర్లు పీకుతయి, ప్యానెల్ మీద గంతులేస్తయి. కోతులకు సబ్సిడీ అక్కర్లేదు 😄

ఎర్తింగ్ రాజు
నాని అన్న చెప్పింది అక్షరాలా నిజం. వేలాడే వైరు ఉండకూడదు. డీసీ వైరంతా పైపులో పోవాలి, ప్యానెల్ కింద క్లిప్పులతో ఫ్రేముకు కట్టాలి. ఒకవేళ కోతి కనెక్టరు పీకినా చేత్తో ముట్టొద్దు, నాలుగు ప్యానెళ్లు కలిపి 200 వోల్టుల దాకా డీసీ ఉంటుంది. ముందు ఇన్వర్టర్ దగ్గర డీసీ స్విచ్ ఆపి, వెండర్ని పిలవండి. నడుస్తుండగా కనెక్టరు లాగితే నిప్పు సాగుతుంది, ఏసీలా చటుక్కున ఆరిపోదు.

తాండా టీచర్
కడగడం ఎలా? మా దగ్గర బోరు నీళ్లు ఉప్పే.

సున్నపు బట్టీ
ఉప్పు నీళ్లతో కడిగి ఆరనిస్తే తెల్లటి పొర కట్టి మరీ దండగ. వాన నీళ్లు పట్టి పెట్టుకోండి, లేదా బోరు నీళ్లతో తుడిచి వెంటనే రబ్బరు పట్టీతో లాగేయండి. పొద్దున్నే ఎండ రాకముందు, పదిహేను రోజులకోసారి. కాలుతున్న గాజు మీద చల్లనీళ్లు పోయొద్దు. సబ్బు పొడి వద్దు.

రాయలసీమ రవ్వ
వేసవిలో 2 కిలోవాట్లకు 2 రావట్లేదని గొడవ పడేవాళ్లకు: ప్యానెల్ 25 డిగ్రీల దగ్గర కొలిచిన లెక్క అది. ఏప్రిల్లో ప్యానెల్ 65కి చేరుతుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున 14 శాతం అక్కడే పోతుంది. దుమ్ము వేరే. మధ్యాహ్నం 1.5, 1.6 కిలోవాట్లు చూపిస్తే బాగా నడుస్తున్నట్టే.

మచిలీపట్నం మల్లి
ఆ వెండర్‌కి ఓటీపీ చెప్పలేదు. పోర్టల్లో నేనే రిజిస్టర్ చేసుకుంటా. జాబితాలో ఉన్నవాళ్లలో ఎవరిని ఎంచుకోవాలో ఎలా తెలుస్తుంది?

సెక్షన్ ఆఫీస్ శీను
మీ మండలంలో వాళ్లు ఇప్పటికే పెట్టిన ఇంటి చిరునామా అడిగి, వెళ్లి చూడండి. నెట్ మీటర్ ఎన్నాళ్లకు వచ్చిందో, ఫోన్ చేస్తే ఎత్తుతున్నారో ఆ ఇంటివాళ్లే చెబుతారు. 5 ఏళ్ల నిర్వహణ వాళ్ల బాధ్యత, అది ఒప్పందంలో ఉందో లేదో చూసుకుని సంతకం పెట్టండి.

చీరాల చిన్నోడు
అంగీకార పత్రం వరకు సంతకం పెడతా. పేరు మార్పుకు కాగితాలు సిద్ధం చేస్తున్నా. సర్వేకి వచ్చినప్పుడు సర్వీసు వైరు, ఎర్త్, యాంకర్ రాడ్లు రాయించమంటా. రాయం అంటే ఏం చేయాలి?

సెక్షన్ ఆఫీస్ శీను
తెల్లకాగితం మీద నువ్వే రాసి ఏఈ ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకో. తేలకపోతే ఆ కాపీతోనే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు పెట్టొచ్చు. ప్రతి డిస్కంకూ ఒకటుంటుంది, చిరునామా మీ బిల్లు వెనక చూడు.